వార్షిక నివేదిక: పాత ఫోనోగ్రాఫులు, మైనపు సిలిండర్లు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కడపలో మన సంఘం పని చాలావరకు ఒక్క అట్టడబ్బా చుట్టూ తిరిగింది. అందుకే సమావేశాల వివరాలు, చందాల లెక్కలు వేరే కాగితంలో జత చేసి, ఆ డబ్బా సంగతి ముందు చెబుతున్నాను.

ప్రొద్దుటూరులో ఒక పెద్దావిడ ఇంట్లో అటక మీద పాత పాటల పెట్టె ఉందని కబురొస్తే నలుగురం వెళ్లాం. అది ఎడిసన్ కంపెనీ ‘స్టాండర్డ్’ ఫోనోగ్రాఫు. పళ్లెంలాంటి రికార్డు తిరిగే గ్రామఫోను కాదు, గ్లాసంత మైనపు సిలిండర్ తిరిగే యంత్రం. పక్కనే అట్టడబ్బాలో గోధుమరంగు సిలిండర్ ఒకటి ఉంది. దాని మీద ఏ పేరూ లేదు. ‘మా మామ వాళ్ల నాయన గొంతు దీంట్లో ఉందంటప్పా. మేమెవరమూ వినింది లేదు’ అందామె.

ఆ మాట నిజమే కావచ్చు. మన ఇళ్లలో ఉండిన గ్రామఫోను వినిపించడానికే పనికొస్తుంది. సిలిండర్ యంత్రానికి రికార్డర్ (గొంతును మైనం మీద గీసే భాగం) బిగిస్తే ఇంట్లోవాళ్లే ఖాళీ మైనం మీద మాట్లాడి దాచుకోవచ్చు. పైపొర చెక్కేసి మళ్లీ వాడుకోవచ్చు కూడా. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతును పట్టింది కూడా ఇలాంటి సిలిండర్ల మీదే. కంపెనీ అమ్మిన పాట ఒకచోట పోతే ఇంకోచోట దొరుకుతుంది. ఇంట్లో పట్టిన గొంతుకు రెండో ప్రతి ఉండదు.

అప్పటికప్పుడే కీ ఇచ్చి వినేద్దామని ఇద్దరం అన్నాం, అందులో నేనూ ఉన్నాను. మిగతా ఇద్దరు ఆపారు. వాళ్లు ఆపడమే మంచిదైంది. ఆ యంత్రానికి ఉన్న రిప్రొడ్యూసర్ (సిలిండర్ మీది శబ్దాన్ని వినిపించే భాగం) మీద ‘హెచ్’ అని చెక్కి ఉంది. అంటే అది నాలుగు నిమిషాల సిలిండర్ల కోసం చేసిన రకం. మొదట వచ్చిన సిలిండర్లు రెండు నిమిషాలవి, అంగుళానికి 100 గాళ్లు (శబ్దం గీసి ఉండే సన్న గీతలు). 1908లో వచ్చిన ‘ఆంబెరోల్’ సిలిండర్లకు అంగుళానికి 200. గాడి సన్నమైంది కాబట్టి దాని మీద నడిచే రాయి (రిప్రొడ్యూసర్ కొనలోని ముల్లు) కూడా సన్నమైంది. ఆ సన్న రాయి మన సిలిండర్ లాంటి పాత మెత్తటి మైనం మీద నడిస్తే గొంతును వినిపిస్తూనే చెరిపేస్తుంది. 1912లో వచ్చిన నీలిరంగు ‘బ్లూ ఆంబెరోల్’ సెల్యులాయిడ్ కాబట్టి వజ్రపు ముల్లునైనా తట్టుకుంటుంది, మైనం తట్టుకోదు. పైగా మన సిలిండర్‌కు తెల్లటి బూజు పట్టి ఉంది. బూజు తిన్నచోట గాడి ఇక తిరిగి రాదు.

దీని మీద రెండు సమావేశాలు గట్టి వాదనతోనే గడిచాయి. వినకుండా దాచుకుని ఏం లాభం అన్న సభ్యుల బాధ న్యాయమైనదే. చివరికి మన చేతుల్లో దాన్ని పాడించకూడదని తీర్మానించాం. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో తయారైన ‘ఐరీన్’ పద్ధతిలో ముల్లు తగలకుండా గాళ్లను ఫోటో తీసి, కంప్యూటర్‌తో శబ్దం రాబడతారు. ఫ్రాన్స్‌లో తయారైన ‘ఆర్కియోఫోన్’ చాలా తేలికపాటి ఒత్తిడితో పాడిస్తుంది. అలాంటి సౌకర్యం ఉన్న చోటికి చేర్చే దారి వెతుకుతున్నాం.

యంత్రాల విలువ చూసేటప్పుడు మనం పాటించిన పద్ధతి గురించి ఒక మాట. ఇత్తడి రేకు మీది నంబరు, మోడల్ అక్షరం, రిప్రొడ్యూసర్ రకం, గేర్లు ఒకదానికొకటి కలుస్తున్నాయా అని ముందు చూశాం. ఆ తర్వాతే కొమ్ము, మూత, స్ప్రింగు. దయచేసి ఎవరూ పెట్టెకు ఉప్పుకాగితం పట్టి కొత్త వార్నిష్ వేయకండి. పాత రంగు, పాత ఎడిసన్ సంతకం చెరిగిపోతే యంత్రం పలికినా విలువ సగానికి పైగా పడిపోతుందని నా అభిప్రాయం.

ఒక సభ్యుడు పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్న కుక్కబొమ్మ (హెచ్ఎంవీ) గ్రామఫోను నకిలీదని తేలింది. తళతళలాడే కొత్త ఇత్తడి కొమ్ము, కొత్త చెక్కపెట్టె, లోపల పాత సూట్‌కేసు గ్రామఫోను మోటారు. ఇలాంటివి దేశమంతా అమ్ముతున్నారు, కొనే ముందు పెట్టె విప్పించి చూడండి. అన్నట్టు, ఆ కుక్క బొమ్మలో మొదట గీసింది సిలిండర్ ఫోనోగ్రాఫునే. 1899లో దాని మీదే గ్రామఫోను గీయించారు.

సురభి నాటకాలు 1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలోనే పుట్టాయి. పద్యం గొంతెత్తి పాడిన ఊళ్లు మనవి, ఆ గొంతులు ఎక్కడైనా సిలిండర్ల మీద మిగిలి ఉండొచ్చు. కాబట్టి వచ్చే ఏడాది జమ్మలమడుగు, మైదుకూరు వైపు పాత ఇళ్లకు వెళ్లాలని ఉంది. మే నెల ఎండల్లో మాత్రం వద్దు. చల్లటి గది నుంచి ఒక్కసారిగా వేడిలోకి తెస్తే మైనం పగులుతుంది. సిలిండర్‌ను పైన పట్టుకోకుండా, లోపల రెండు వేళ్లు పెట్టి, వాటిని విడదీసి పట్టుకోండి.

ప్రొద్దుటూరు డబ్బాను పెద్దావిడ అనుమతితో ఆమె ఇంట్లోనే, గాలి తగిలే చల్లటి గదిలో ఉంచాం. నెలకోసారి ఇద్దరు సభ్యులు వెళ్లి బూజు పెరిగిందేమో చూసి వస్తున్నారు. వెళ్లిన ప్రతిసారీ ఆమె ఎప్పుడు వినిపిస్తారని అడుగుతోంది. ఆమెకు ఎనభై దాటాయి. ఖర్చుకు విడిగా చందా ఇవ్వగలిగినవారు కోశాధికారికి ఈ నెలలోనే తెలియజేయండి.

కార్యదర్శి