వార్షిక నివేదిక: శనివారం కాని నడక

మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు నమస్కారం. ఉగాది వేడుక, పిల్లల తెలుగు తరగతులు, వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక వేరుగా జతచేశాం. ఈ ఏడు కొత్తగా చేసింది ఒక్కటే: ముంబయిలో మన పొరుగున ఉన్న యూదుల చరిత్ర తెలుసుకోవడం. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను, మన్నించాలి.

మొదట్లోనే తప్పులో కాలేశాం. వాళ్ల ప్రార్థనామందిరాలున్న వీధులు చూసొచ్చే తొలి నడకను, అందరికీ వీలని శనివారం పెట్టాం. ఆ రోజు వాళ్లకు సబ్బాతు, అంటే పని చేయని విశ్రాంతి దినం అని, అటువైపు ఫోన్ చేశాక గానీ గుర్తురాలేదు. కార్యదర్శిగా తప్పు నాదే. పైగా కొంకణ్ పల్లెల్లో తరతరాలుగా ఉంటూ వచ్చిన బెనె ఇజ్రాయెల్ యూదులకు ఒకప్పుడు ఉన్న పేరే 'శనివార్ తేలీ', అంటే శనివారం గానుగ ఆడించని నూనెవాళ్లు! మాట మరాఠీ, ఇంటిపేర్లు కూడా అవే తీరు: పేణ్ ఊరివారు పేణ్‌కర్‌లు, రోహా వారు రోహేకర్‌లు.

ఆదివారానికి మార్చుకుని మాండ్వీలోని శామ్యూల్ వీధికి వెళ్లాం. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన శామ్యూల్ దివేకర్ 1796లో నెలకొల్పిన షారే రహమీమ్ అనే బెనె ఇజ్రాయెల్ ప్రార్థనామందిరం ఉన్నది అక్కడే. చుట్టుపక్కల వాళ్లు దీన్ని 'జునీ మశీద్' (పాత మసీదు) అనేవారట. మనం లోకల్‌లో దాటిపోయే మస్జిద్ స్టేషన్ పేరు దీని వల్లే వచ్చిందని చెబుతారు. బైకుల్లాలో డేవిడ్ ససూన్ కట్టించిన మాగెన్ డేవిడ్ ప్రార్థనామందిరం బాగ్దాద్ వైపు నుంచి వచ్చిన బాగ్దాదీ యూదులది, ఆ కథ వేరు. మన తాతలు కట్టుబడి పనులకు వచ్చి స్థిరపడ్డ కామాఠీపురా నుంచి అక్కడికి నడిచే వెళ్లొచ్చు. నాతో సహా చాలామందిమి ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ గేటు దాటలేదు.

అందరికీ నచ్చింది బెనె ఇజ్రాయెల్ వాళ్ల మలీదా అనే నైవేద్యం సంగతి. మొక్కు తీరినా, ఇంట్లో శుభకార్యమైనా ఏలీయా ప్రవక్తను తలచుకుని, తడిపిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర కలిపి పళ్లతో పాటు పళ్లెంలో పెడతారు. అటుకులనగానే మనవాళ్లకు కుచేలుడు గుర్తొచ్చాడు. 1874లో పుణెలో అచ్చయిన మరాఠీ హగ్గదాలోని (పస్కా పండుగ రాత్రి చదివే పుస్తకం) బొమ్మ కూడా చూపించాం. పస్కా రొట్టెలు చేస్తున్న ఆడవాళ్లు అందులో చీరల్లో ఉన్నారు.

"ఇంతకీ వాళ్లు ముందు మరాఠీవాళ్లా, యూదులా?" అని ఒక సభ్యుడు అడిగారు. నాకా ప్రశ్నే రుచించలేదు. మనల్ని తెలుగువాళ్లా, ముంబయివాళ్లా అని నిలదీస్తే ఏం చెబుతాం? ఇజ్రాయెల్ వెళ్లినవాళ్లకు మాత్రం అది తప్పలేదు. పెళ్లిళ్ల దగ్గర అక్కడి మతపెద్దలు అనుమానాలు లేవదీశారు. ఆందోళనలు జరిగాక, 1964లో వాళ్లు అన్నివిధాలా యూదులేనని అక్కడి పార్లమెంటు ప్రకటించాల్సి వచ్చింది. ఆ దేశంలోనే వాళ్లు 'మాయబోలీ' అనే మరాఠీ పత్రిక కూడా నడిపారు.

గుంటూరు సభ్యులు మరో మాట గుర్తుచేశారు: చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రయీం కుటుంబాలున్నాయి. వాళ్లు ఒప్పుకుంటే వచ్చే ఏడు అక్కడికి వెళ్లాలని ప్రతిపాదన. దారిఖర్చు ఎవరిది వారిదే. తేదీ ఇంకా అనుకోలేదు గానీ, శనివారం మాత్రం పెట్టం.