ట్రైకో కార్డు తయారయ్యే తీరు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది చెరకులో పిలకలను తొలిచే పీక పురుగుకు మందు కొట్టకుండా ట్రైకో కార్డులు కట్టాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. వాటిని మేము ఎలా తయారు చేస్తామని అడిగావు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

కార్డు మీద నల్లగా కనిపించేవన్నీ కార్సైరా అనే రెక్కల పురుగు గుడ్లు. వాటి లోపల ట్రైకోగ్రామా కిలోనిస్ అనే కందిరీగ పెరుగుతూ ఉంటుంది. పొలంలో పీక పురుగు గుడ్లను వెతికి, వాటిలో తన గుడ్లు పెట్టి చంపేది ఇదే. పేరు విని భయపడకు, అది అర మిల్లీమీటరు ఉంటుందేమో, మనిషిని కుట్టదు.

మా శ్రమలో ఎక్కువ భాగం కార్సైరాకే పోతుంది. జొన్నలను ముక్కలుగా ఆడించి, వేడిచేసి, చల్లారాక వేరుశనగ పొడి, ఈస్టు కలిపి, 2.5 కిలోల చొప్పున ట్రేలలో పోసి, పైన అర సీసీ గుడ్లు చల్లుతాం. సుమారు 40 రోజులకు రెక్కల పురుగులు రావడం మొదలవుతుంది. వాటిని అడుగున వల ఉన్న డబ్బాలలో వేసి తేనె నీళ్లు అందిస్తే, రాత్రి పెట్టిన గుడ్లు కిందికి రాలతాయి. పొద్దున్నే వాటిని జల్లించి రెక్కల పొలుసులను వేరుచేయాలి. ఆ పొలుసుల ధూళి పీల్చినవారిలో కొందరికి ఆయాసం వస్తుంది కనుక మాస్కు లేకుండా ఎవరినీ ఆ గదిలోకి రానివ్వకూడదు. ఈ పని చేసేవారి ఆరోగ్యాన్ని పట్టించుకునేవారు తక్కువన్నది నా బాధ.

ఇంకో బెడద బ్రాకాన్ హెబెటార్. కొబ్బరిలో నల్లతల గొంగళిపురుగు మీదికి వదిలే ఈ కందిరీగ పొలంలో మనకు మేలే చేస్తుంది, కానీ మా ట్రేలలోకి చొరబడిందంటే కార్సైరా గొంగళిపురుగులను కుట్టి, కదలకుండా చేసి, వాటి మీదే గుడ్లు పెట్టి మొత్తం పెంపకాన్ని నాశనం చేస్తుంది.

సేకరించిన గుడ్లను అతినీలలోహిత దీపం కింద ఉంచి లోపలి పిండాన్ని చంపుతాం. లేకపోతే కందిరీగ తాకని గుడ్లు పగిలి, ఆ పిల్ల పురుగులు పక్క గుడ్లను తినేస్తాయి. తరువాత జిగురు రాసిన కార్డు మీద వాటిని చల్లి ట్రైకోగ్రామాలకు అందిస్తాం. ఆ సమయంలో సూక్ష్మదర్శినిలో చూడాలి రఘూ! ఆడ కందిరీగ గుడ్డు మీదికెక్కి, మీసాలతో తడుముతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, దాని పరిమాణాన్ని బట్టి లోపల ఎన్ని గుడ్లు పెట్టాలో తేల్చుకుంటుంది. నాలుగో రోజుకల్లా గుడ్డు నల్లబడుతుంది, ఏడెనిమిది రోజులకు చిన్న రంధ్రం చేసుకుని కందిరీగ బయటికి వస్తుంది.

తరతరాలుగా కార్సైరా గుడ్ల మీదే పెరిగితే ట్రైకోగ్రామాలకు పొలంలో పురుగు గుడ్లను వెతికే శక్తి సన్నగిల్లుతుంది. అందుకే పొలాల నుంచి తెచ్చిన వాటిని మధ్యమధ్య కలపాలి. ఎన్ని కార్డులు చేశామన్న లెక్క కంటే ఇదే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ట్రైకోగ్రామా పీక పురుగు గుడ్డును మాత్రమే చంపుతుంది, పిలకలోకి దూరిన పురుగును ఏమీ చేయలేదు. కాబట్టి మొవ్వులు ఎండేదాకా ఆగకుండా, నాటిన నెల నుంచే వారం పది రోజులకొకసారి ఎకరానికి 20,000 కందిరీగల చొప్పున వదలాలి. కార్డు అందిన వెంటనే ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం పూట ఆకుల అడుగున కట్టించు. చీమలు పట్టకుండా చూసుకో. ఆ రోజుల్లో పురుగుమందు జోలికి పోవద్దు.

నువ్వు చెరకు ముచ్చెలు నాటిన తేదీ వెంటనే రాసి పంపితే, దాన్ని బట్టి విడతలవారీగా కార్డులు సిద్ధం చేయిస్తాను.

నీ
శ్రీను