వేల్స్ కొండల్లో ఓ చిన్న చర్చి

ఎడిటర్ గారికి,

బ్రిటన్ యాత్ర అంటే మనవాళ్లంతా లండన్ చూసి వచ్చేస్తారు. కార్డిఫ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, వేల్స్ బ్లాక్ మౌంటెన్స్‌లోని కాపెల్-అ-ఫిన్ అనే పల్లె చూశాను. పేరుకు అర్థం 'సరిహద్దు దగ్గరి ప్రార్థనా మందిరం'. ఊరంటే విడివిడిగా కొన్ని ఇళ్లు, గొర్రెలు మేసే పచ్చిక, అంతే. 1762లో కట్టిన అక్కడి సెయింట్ మేరీ చర్చి మా ఊరి రామాలయమంత కూడా లేదు! తెల్లటి గోడలు, పైన గంట వేలాడే చిన్న చెక్క గూడు, చుట్టూ ముసలి యూ చెట్లు. లోపల బెంచీ మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. వాగు అవతల బాప్టిస్టుల మందిరం, కాస్త పైన 19వ శతాబ్దంలో ఫాదర్ ఇగ్నేషియస్ స్థాపించిన మఠం. లోయలో కిందికి వస్తే 12వ శతాబ్దపు లాన్‌తోనీ మఠం శిథిలాలు. మీ ఆదివారం సంచికలో ఇలాంటి పల్లెలకూ ఒక పేజీ ఇవ్వండి.

– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి