అంబారీ మీద మా సారు

సంపాదకులకు నమస్కారం,

మారతహళ్లిలో ఓ చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా పైఅధికారి గొంతు పెంచి ఫైలు బల్ల మీద విసిరితే చాలు, నా చేతులు చల్లబడేవి, తెలిసిన లెక్క కూడా నోట్లోంచి వచ్చేది కాదు. రెండేళ్లు అలాగే నలిగిపోయాను.

మా ఇంట్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది. ఒకరోజు ఆయన అరుస్తుంటే, ఎర్ర తలపాగాతో ఆ అంబారీ మీద అరచేతి ఎత్తున కూర్చున్నట్టు ఊహించుకున్నాను. ఆ బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చేతిలో బరువే తెలియదు. ఆయన మాటల బరువూ అంతే అనిపించింది. ఊపిరి పీల్చుకుని, "సార్, జీఎస్టీ తేడా మూడో పేజీలో ఉంది" అన్నాను, గొంతు వణకలేదు.

మనసులో కలిగిన భావాన్ని లోపలే అణచుకుంటే ఒంట్లో టెన్షన్ తగ్గదనీ, చూసే తీరు మార్చుకుంటే మనసు తేలికపడుతుందనీ మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రయోగాలతో చూపించారు. బూతులు, వేధింపులైతే మాత్రం ఊహలతో సరిపెట్టుకోకూడదు, ఫిర్యాదు చేయాల్సిందే.

మన ఊళ్ల నుంచి ఇక్కడికొచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు బాత్రూముల్లో ఏడవడం చూస్తున్నాను. వాళ్ల కోసం మీ పత్రికలో ఇలాంటి విషయాలు వారానికోసారైనా రాయించండి.

- ఒక పాఠకురాలు, బెంగళూరు