తెల్లారేదాకా నిద్రపోయాన్రా!

ఒరేయ్ గుడ్లగూబా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, క్షమించు. రాద్దామని కూర్చుంటే నాలుగు వాక్యాలకే గొంతు పూడుకుపోయేది, చించేసేవాణ్ని. ఇంట్లో అందరూ బాగున్నారు, చంటిదానికి పళ్లొస్తున్నాయి, ఉద్యోగం అలాగే నడుస్తోంది. అవన్నీ తర్వాత. ముందు ఇది విను. నేను నిద్రపోయాన్రా! మన మూడు గంటల రైలు ఎక్కకుండా, తెల్లారేదాకా! వరసగా నాలుగో రాత్రి ఇది.

ఆయుర్వేద వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. చూర్ణమేదో రాసి పంపేస్తారనుకున్నాను. ఆవిడ మూడు వేళ్లతో నాడి పట్టుకుని, ఎన్నింటికి తింటావు, నిద్ర అసలు పట్టదా, లేక పట్టి తెగిపోతుందా, అని అడుగుతూనే ఉంది. మూడింటికి మెలకువ వస్తుందన్నాను. రాత్రి రెండు నుంచి ఆరు దాకా, ఆయుర్వేదం చెప్పే మూడు దోషాల్లో ఒకటైన వాతానికి కాలమట, అది పెరిగిన మనిషికి సరిగ్గా అప్పుడే మెలకువ వస్తుందట. మన రైలుకి టైంటేబుల్ ఉందన్నమాట!

తర్వాత నెమ్మదిగా, 'చనిపోవాలనిపిస్తోందా?' అని అడిగింది. అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. లేదన్నాను, నిజంగానే లేదు. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవునంటే ఈ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపేదాన్ని అంది. ఇప్పటికే వాడుతున్న మాత్రలు చూసి, ఒక్కటి కూడా సొంతంగా ఆపొద్దు, అవి రాసిన డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా, అని గట్టిగా చెప్పింది. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

ఇక శిరోధార. కళ్ల మీద దూది పెట్టి, కనుబొమల పైన గుడ్డ కట్టి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. నుదుటికి నాలుగు వేళ్ల ఎత్తున పాత్ర, దాని అడుగున చిన్న రంధ్రం, అందులోంచి వేలాడే వత్తి. గోరువెచ్చని క్షీరబలా తైలం సన్నగా ఈ కణత నుంచి ఆ కణతకి, మళ్లీ ఇటు. మొదటి రెండు రోజులూ బుర్ర ఆగలేదు. ఆఫీసు, అప్పు, నాన్న... మూడో రోజు నూనె జుట్టులోకి జారుతుంటే, ఎందుకో తెలీదు, వెక్కివెక్కి ఏడ్చాను. ధార పోస్తున్న అమ్మాయి ఆపలేదు, ఏమీ అడగలేదు, దూది మాత్రం మార్చింది. రోజుకి నలభై నిమిషాలు, ఏడు రోజులు. మాత్రల వల్లో, ధార వల్లో, ఎనిమిదింటికల్లా తినేసి ఫోన్ పక్క గదిలో పెట్టడం వల్లో తేల్చి చెప్పలేను. అన్నీ కలిసే అనుకుంటున్నాను.

ఆయుర్వేదపు పాత గ్రంథం చరకసంహితలో నిద్ర పట్టని వాళ్లకి చరకుడు ఏం చెప్పాడో తెలుసా? ఒంటికి నూనె, స్నానం, పాలు, నెయ్యి, మెత్తని పక్క, మనసుకి ఇంపైన శబ్దాలు. అందులోనే ఇంకో చోట రోగాన్ని పెంచేవాటన్నిటిలో ముందుది విషాదం అంటాడు. అంటే మన బాధ బద్ధకం కాదురా. ఎన్నేళ్లు అలా అనిపించుకున్నాం మనం!

ఇప్పుడు అసలు సంగతి. వీడియో చూసి అశ్వగంధ మొదలుపెట్టానని రాశావు. ఆపెయ్. కోపం తెచ్చుకోకు. నువ్వు థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావు, అశ్వగంధ ఆ హార్మోన్ని పెంచగలదు. అరుదుగానైనా కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకోకు. వాడాలనే ఉంటే నీ డాక్టరుకి చెప్పి వాడు. అంతదాకా పడుకునే ముందు అరికాళ్లకి గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, వేళ్ల సందులు కూడా వదలకుండా పది నిమిషాలు మర్దన చెయ్. తర్వాత గుడ్డతో తుడుచుకో, లేకపోతే నేల మీద జారతావు. అది నీకు ఏ మాత్రతోనూ పేచీ పెట్టదు.

ఆ రాత్రి నువ్వు డాబా మీద నాతో అన్న మాట గుర్తుందా, 'ఇద్దరం కలిసే దిగుదాం' అని? దాని గురించి చాలా రాయాలి, అసలు అందుకే ఈ...

అయ్యో, పది కావస్తోంది. పదిలోపు దీపం ఆర్పాలని ఆవిడ మాట. నూనె కూడా చల్లారిపోతోంది. మిగతాది రేపు. అశ్వగంధ సీసా పక్కన పెట్టేశానని ముందు ఒక్క ముక్క రాయి.

నీ
రెండో గుడ్లగూబ