డిష్‌ని అచ్చు తీశాను, మీరు రాసినట్టు మాత్రం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వేసవిలో మీ ఆదివారం పేజీల్లో ఒక చిన్న ఐటెం వేశారు. పాత కేబుల్ డిష్ ఉంటే దాని లోపల కాగితపు గుజ్జు మెత్తి, ఎండాక ఊడదీసి, లోపలి వైపు అల్యూమినియం ఫాయిల్ అంటిస్తే సోలార్ పొయ్యి రెడీ అని. పదిహేడేళ్ళు కేబుల్ ఆపరేటర్‌గా చేసినవాణ్ణి, డిష్‌ల పక్కన ఎండలో నిలబడీ నిలబడీ జుట్టు నెరిసినవాణ్ణి, అయినా అది చదివి చిన్నపిల్లాడిలా నమ్మేశాను. అందుకే ఈ ఉత్తరం. తిట్టడానికి కాదు. సరే, సగం తిట్టడానికే అనుకోండి.

మాది చీరాల. డిష్ ఇప్పుడు నా దగ్గర లేదు. నేనూ మా పార్ట్‌నరూ కలిసి 1990ల్లో కొన్న ఎనిమిదడుగుల ఫైబర్ డిష్, వ్యాపారం మూతపడ్డాక వాళ్ళ డాబా మీదే ఉండిపోయింది. వాళ్ళావిడ దాన్ని వెల్లకిలా పెట్టి ఏటా మిరపకాయలూ వడియాలూ ఎండబెట్టుకుంటోంది. అమ్మమంటే అమ్మదు. "పది రోజుల్లో తెచ్చి ఇచ్చెయ్యాలి అన్నయ్యా, మామిడి ఒరుగులు పెట్టుకోవాలి" అంది. సొంతానికి దొరకదు కాబట్టి కాపీ తీద్దామనుకున్నాను. ఇలాంటి డిష్‌లు ఊరూరా డాబాల మీద పడి ఉన్నాయి, పాత సామాన్ల కొట్లకి పోతున్నాయి, కాబట్టి నాలాంటివాళ్ళు ఇంకొందరు కూడా మీ ఐటెం చదివి గుజ్జు నానబెట్టి ఉంటారని నా అనుమానం.

గుజ్జు కలపడం మాకు కొత్త కాదు. మా నాయనమ్మ కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, గంగాళం బోర్లించి దాని మీద మెత్తి బుట్టలు చేసేది. నేనూ అలాగే నెల రోజుల పేపర్లు నానేశాను (మీ పేపరే, వేరేది మేం వేయించుకోం), మెంతిపిండి కలిపి డిష్ లోపల వేలు మందాన మెత్తాను. ఆరు రోజులు ఎండింది. ఏడో రోజు ఊడదీద్దామంటే రాదే! చాకు పెట్టి చుట్టూ లేపి, నేనూ మా అబ్బాయీ చెరో పక్క పట్టుకుని లాగితే అప్పుడు వచ్చింది. వచ్చాక చూస్తే అంచు అప్పడంలా వంకర తిరిగింది.

మీరు రాసిన పద్ధతిలో అసలు తప్పు ఎక్కడుందో అప్పుడు బుర్రకెక్కింది. నాయనమ్మ గంగాళం బయట మెత్తేది కాబట్టి గంగాళం ఆకారం బుట్ట లోపలి వైపుకి వచ్చేది. డిష్ లోపల మెత్తితే డిష్‌ని తాకేది మన కాపీకి వెనక వైపు. ఫాయిల్ అంటించే లోపలి వైపు ఏ ఆకారాన్నీ చూసి రాలేదు, నా అరచెయ్యి ఎలా పోతే అలా వచ్చింది. ఒకచోట వేలు మందం, ఒకచోట రెండు వేళ్ళు. పోనీ డిష్‌ని బోర్లించి వెనక నుంచి మెత్తుదామా అంటే వెనకంతా బద్దెలూ బోల్టులూ. సరిగ్గా చెయ్యాలంటే రెండు అచ్చులు కావాలి: డిష్ లోపల ఒక ఉబ్బు అచ్చు తియ్యాలి, ఆ ఉబ్బు మీద మళ్ళీ మన పళ్ళెం తియ్యాలి. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ళని ఎవరినడిగినా ఒక్క నిమిషంలో చెప్పేవారు, మీ ఐటెం రాసినవారు అడగలేదు, నేనూ అడగలేదు.

ఇక కొలత సంగతి. కేబుల్ రోజుల్లో మాకు డిష్ వంకరపోయిందో లేదో చూడ్డానికి పురికొస చాలు. అంచు మీద ఒక కొస నుంచి ఎదురు కొసకి ఒక తాడు బిగించి కట్టు, దానికి అడ్డంగా ఇంకో తాడు. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి ముట్టీ ముట్టనట్టు తాకితే అంచు సరిగ్గా ఉన్నట్టు, మధ్యలో సందు ఉన్నా, ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా డిష్ మెలి తిరిగినట్టు. నా గుజ్జు డిష్‌కి కడితే రెండు తాళ్ళ మధ్య నుంచి రెండు వేళ్ళు దూరాయి. వెడల్పు కూడా 244 సెంటీమీటర్లు ఉండాల్సింది ఎండి 238కి కుంచించుకుపోయింది.

లోతు చూడ్డానికీ అదే తాడు. చెల్లెమ్మ (మా పార్ట్‌నర్ వాళ్ళావిడ) డిష్ వ్యాసం 244, నడిమధ్య లోతు 40 సెంటీమీటర్లు. 244ని 244తో గుణిస్తే 59,536, లోతుని 16తో గుణిస్తే 640, దాంతో భాగిస్తే 93. అంటే వెలుగైనా సిగ్నలైనా డిష్ అడుగు నుంచి 93 సెంటీమీటర్ల ఎత్తులో ఒకచోటికి చేరుతుంది, సిగ్నల్‌ని పట్టుకునే ఎల్‌ఎన్‌బీ పెట్టేది అక్కడే. ఇప్పుడు మధ్యకీ అంచుకీ సగం దూరంలో తాడు నుంచి కిందికి స్కేలు పెట్టి చూడండి. పారాబొలా (తిన్నగా వచ్చే కిరణాలన్నిటినీ ఒక్కచోటికి చేర్చే వంపు) అయితే అక్కడ 30 సెంటీమీటర్లు రావాలి, ఎందుకంటే సగం దూరంలో వంపు పైకి లేచేది మొత్తం లోతులో పావు వంతే. అదే లోతున్న ముక్క ఒక గుండ్రటి బంతి నుంచి కోసినదైతే 31కి కాస్త తక్కువ వస్తుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, స్కేలుకి మాత్రం ముప్పావు సెంటీమీటరు తేడా. నా గుజ్జు డిష్‌కి ఒక పక్క 26, ఇంకో పక్క 31. అది పారాబొలా కాదు, బంతీ కాదు, ఏమిటో నాకే తెలీదు.

ఆ కాస్త తేడాకి ఏమవుతుంది అంటారా, టీవీకైతే పెద్దగా ఏమీ కాదు. మేం పట్టే సీ బ్యాండ్ సిగ్నల్ తరంగం ఏడున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, ఉపరితలం మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా బొమ్మ వచ్చేస్తుంది. తరంగం ఇంకా పొడుగైతే డిష్‌కి నున్నటి రేకు కూడా అక్కర్లేదు. 1975-76లో ఇస్రోవాళ్ళు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం పేరుతో మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళలో టీవీలు పెట్టినప్పుడు వాడిన డిష్‌లు కోళ్ళ గూళ్ళకి కొట్టే జాలీతో చేసినవి, 3 మీటర్లవి. అక్కడ తరంగం 35 సెంటీమీటర్లు, అంత పొడుగు తరంగానికి జాలీ కన్నాలు లెక్కలోకి రావు. ఎండ దగ్గర ఇవేమీ చెల్లవు. అద్దం ఒక డిగ్రీ తప్పు వంగితే వెలుగు రెండు డిగ్రీలు పక్కకి పోతుంది, 93 సెంటీమీటర్ల దూరంలో అది మూడు సెంటీమీటర్ల పైమాటే. మామూలు డిష్‌కి ఫాయిల్ అంటించి అన్నం వండొచ్చు గానీ వంకరపోయిన కాపీకి అంటిస్తే నాకు వచ్చినట్టే వస్తుంది: టిఫిను ప్లేటంత మరక, దానికో తోక. గిన్నెలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి, స్నానానికి సరిపోతాయని మా ఆవిడ అంది.

రెండోసారి అచ్చు మానేసి కొలత పట్టుకున్నాను. మేస్త్రీలు స్తంభాలకి గుండ్రటి అంచులు తీసేటప్పుడు వంపు కోసిన ఫర్మా పలక తిప్పుతారు చూడండి, అదే. పెరట్లో ఒక జీఐ పైపు పాతి, చుట్టూ మట్టి దిబ్బ పోసి, ప్లైవుడ్ పలక మీద పది సెంటీమీటర్లకొకటి చొప్పున లెక్క ప్రకారం చుక్కలు పెట్టి వంపు కోయించి, పలకని పైపు చుట్టూ తిప్పుతూ దిబ్బ మీద సిమెంటు పూత తీశాను. బోర్లించిన డిష్ లాంటి నున్నటి దిబ్బ వచ్చింది. పైపు కాస్త ఒరిగినా భయం లేదు, దిబ్బ మొత్తం ఒరుగుతుంది అంతే, వంపు చెడదు. పలకే పైపు దగ్గర వదులై ఒరిగితే మాత్రం కొంప మునుగుతుంది, నాకు అదే జరిగింది. పూత ఆరాక కొలిస్తే అంచు దగ్గర అర అంగుళం తేడా. క్లాంపు బిగించి, పూత చెక్కి మళ్ళీ తీయాల్సి వచ్చింది, రెండు రోజులు పోయాయి.

ఇంతకంటే పెద్దవాళ్ళకే ఇలా జరిగిందని తర్వాత మా అబ్బాయి చెప్పాడు. 1990లో అమెరికావాళ్ళు పైకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం చాలా నున్నగా అరగదీశారట, కాకపోతే ఆకారం సరిచూసే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కన బిగించి ఉందట, ఆ తప్పు పరికరం ఎలా చెబితే అలా అద్దాన్ని తప్పు ఆకారానికి తు.చ. తప్పకుండా తెచ్చారు. ఇంకో పరికరంతో చూసినప్పుడు తేడా కనపడింది కూడా, ఆ పరికరమే సరైంది కాదులే అని పక్కన పెట్టేశారు. 1993లో మనుషులు పైకి వెళ్ళి సరిచేసి వచ్చారు. నాది పెరటి దిబ్బ కాబట్టి గునపంతో పోయింది.

దిబ్బకి నాలుగు పూతలు మైనం పాలిష్ రుద్ది, ఓడరేవు దగ్గర ఫైబర్ పడవలకి మాట్ వేసే కుర్రాణ్ణి పిలిచి మూడు పొరలు వేయించాను. ఆ కుర్రాడు మొదట చెప్పిన మాట ఇది: రెసిన్‌లో (ఫైబర్‌ని గట్టిపరిచే జిగురు) కోబాల్ట్, అంటే త్వరగా గట్టిపడటానికి వేసే మందు, ముందు కలపాలి, బాగా కలిశాకే గట్టిపడటం మొదలుపెట్టించే కాటలిస్ట్ వెయ్యాలి, ఆ రెండు సీసాల్లోవీ నేరుగా కలిపితే భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. ఇంట్లో సొంతంగా చేసేవాళ్ళు ఈ ఒక్కటీ గోడ మీద రాసి పెట్టుకోండి. ఈసారి పళ్ళెం లోపలి వైపే దిబ్బని తాకింది కాబట్టి నున్నగా వచ్చింది, తాళ్ళు ముట్టుకున్నాయి, సగం దూరంలో 30 వచ్చింది, ఒకచోట 30కి రెండు మిల్లీమీటర్లు తక్కువ, పోనిచ్చాను. ఫాయిల్ అంటించి గురి పెడితే ఐదు లీటర్ల నీళ్ళు ఇరవై ఐదు నిమిషాల్లో తెర్లాయి. తిరుమలలో 2002లో 106 సోలార్ డిష్‌లు పెట్టి ఆవిరితో అన్నదానానికి వంట చేసే ఏర్పాటు చేశారు, నాది అందులో నూటారో వంతు కూడా కాదు, అయినా ఆ రోజు వీధంతా వచ్చి చూసి వెళ్ళారు.

మీ ఐటెంలో అసలే లేనిది ఇంకొకటి. ఈ ఎనిమిదడుగుల పళ్ళెం మీద పడే ఎండ మిట్టమధ్యాహ్నం నాలుగున్నర కిలోవాట్లు, అంటే నాలుగైదు ఇస్త్రీ పెట్టెలు ఒక్కచోట పెట్టినట్టు. చెల్లెమ్మ డిష్ మీద తెల్ల పెయింటు ఉంది, అది ఎండని చెదరగొడుతుంది కాబట్టి వడియాలు క్షేమం. (సిగ్నల్‌ని వెనక్కి కొట్టేది పెయింటు కాదు, ఫైబర్ లోపల ఉండే పల్చటి లోహపు జాలీ.) ఫాయిల్ వేసిన మర్నాడు నేను దాన్ని పెరట్లో వెల్లకిలా వదిలేసి భోజనానికి కూర్చున్నాను. పైన నైలాన్ దండెం ఉంది, దాని మీద మా ఆవిడ చీర. చీర కాలలేదు, దండెం కరిగి తెగి చీర మట్టిలో పడింది. కాస్త అటైతే మా మనవడు అక్కడే ఆడుకుంటున్నాడు, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. 2013లో లండన్‌లో వంపు తిరిగిన అద్దాల భవనం ఒకటి ఎండని వీధిలోకి విసిరి ఒక కారు భాగాలు కరిగించింది, అది ఎవరూ డిష్ అనుకుని కట్టింది కూడా కాదు. కాబట్టి వాడనప్పుడు బోర్లించండి, దుప్పటి కప్పండి, గిన్నె దించేటప్పుడు ముందు పళ్ళేన్ని ఎండ నుంచి పక్కకి తిప్పండి, నల్లద్దాలు లేకుండా ఆ వెలుగు చుక్క వైపు చూడకండి. మీ ఐటెంలో ఫాయిల్ ధర ఉంది, ఇది లేదు.

ఎండాకాలం మళ్ళీ వస్తోంది, మీరు మళ్ళీ అలాంటి ఐటెం వేస్తారు. ఈసారి మాత్రం కింద తాళ్ళ సంగతీ దుప్పటి సంగతీ కూడా వేయండి, బొమ్మ సైజు కాస్త తగ్గించినా పర్లేదు. గుజ్జు డిష్ పారెయ్యలేదు, అందులోనే గేదెకి కుడితి పోస్తే ఒక్క రోజులో నాని విడిపోయింది, మెంతుల వాసనకి గేదె మొత్తం తినేసింది, మీ ఎడిటోరియల్స్‌తో సహా.

చెల్లెమ్మ డిష్ పదో రోజే తిరిగి ఇచ్చేశాను. అడుగున జానెడు పొడవు చాకు గీత ఉంది, పైన మిరపకాయలు పోసి ఉండటంతో ఆవిడ ఇంకా చూసుకోలేదు. వాళ్ళింట్లో కూడా మీ పేపరే వేయించుకుంటారు, కాబట్టి ఈ చివరి ముక్క మాత్రం కత్తిరించి వేయగలరు.

ఇట్లు,
ఒకప్పటి కేబుల్ ఆపరేటర్,
చీరాల