ఆ చావును ఏ రిజిస్టరులో రాయాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త ఒకటి చదివాను. భవన నిర్మాణ కార్మికుడు ఒకరు ఆత్మహత్య చేసుకున్నారని, కుటుంబ సమస్యలతో మనస్తాపం చెందారని రాశారు. అంతే. ఆ తర్వాత రెండు రోజులు నాకు ఏ పని మీదా మనసు నిలవలేదు. నేను 18 ఏళ్లుగా నిర్మాణ సైట్లలో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. అంతకు ముందు 6 ఏళ్లు భూగర్భ గనిలో చేశాను. అలాంటి నాలుగు లైన్లుగా మిగిలిపోయిన ఒక మనిషి నాకు బాగా తెలుసు. అతని గురించి, అతని విషయంలో నేను చేసిన తప్పు గురించి చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అతను మా సైటులో స్కాఫోల్డింగ్ ముఠాకు పెద్ద, అంటే ఎత్తు మీద పనికి పైపులతో మంచెలు కట్టేవాళ్లకు. నాకన్నా నాలుగేళ్లు పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఎత్తు మీద ఉన్న ప్రతివాడి బెల్టు హుక్కునూ, జారినా కింద పడకుండా ఆపేది అదే, తన చేత్తో లాగి చూసుకుంటే గాని అతను కిందికి దిగేవాడు కాదు. కొత్త కుర్రాళ్లను తిట్టేవాడు, తిట్టి మళ్లీ తనే తగిలించేవాడు. అలాంటి మనిషి చివరి నెలలో మూడుసార్లు తన హుక్కు తగిలించుకోకుండా నాకు దొరికాడు. మూడుసార్లూ నా రిజిస్టరులో రాశాను: ‘హుక్కు తగిలించలేదు, హెచ్చరించడమైనది’. మామూలుగా అయితే నాతో గొడవ పడేవాడు. మూడోసారి సంతకం పెట్టమంటే ఒక్క మాట కూడా అనకుండా పెట్టేశాడు. దారికొచ్చాడులే అనుకున్నాను.

ఆ నెలలోనే, ఏళ్ల తరబడి నడుముకు కట్టుకు తిరిగిన స్పానరును ముఠాలో చిన్నవాడికి ఇచ్చేశాడు. పిడికి నీలం టేపు చుట్టి ఉండేది, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ‘నాకెందుకురా ఇంక, నువ్వు వాడుకో’ అన్నాడట. ఆ కుర్రాడు సంబరపడ్డాడు. మధ్యాహ్నం అందరూ కూర్చునే చోట అతను కనిపించడం మానేశాడు. కాంట్రాక్టు అయిపోవస్తోంది, తర్వాతి పని ఖాయం కాలేదు. భుజం నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేదు. ముఠాకు అడ్వాన్సులు ఇవ్వడానికి తన పేరు మీద తెచ్చిన అప్పు నెత్తి మీద ఉంది. ఇవన్నీ మాకు తెలియనివి కావు. అప్పు సంగతి ఒకరికి తెలుసు, భుజం సంగతి ఇంకొకరికి తెలుసు, హుక్కు సంగతి నాకు తెలుసు. ముగ్గురం ఒకచోట కూర్చుని అతని గురించి మాట్లాడుకున్న రోజు మాత్రం ఒక్కటీ లేదు.

సెలవు రోజున ఇంటి దగ్గర చనిపోయాడు.

మా గేటు పక్కన ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని ఒక బోర్డు ఉంటుంది. రోజూ పొద్దున దాని మీద అంకె మార్చే పని నాది. ఆ మర్నాడు రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. తర్వాత నేను వెళ్లి 212 తీసి 213 పెట్టాను. నిబంధనల ప్రకారం అదే సరైన అంకె. పని స్థలంలో, పని వేళలో జరిగింది కాదు కాబట్టి ఆ చావు మా లెక్కలోకి రాదు. ఎవరికైనా కాలికి మేకు గుచ్చుకుంటే దానికో ఫారం ఉంది, విచారణ ఉంది, మళ్లీ జరగకుండా ఏం చేయాలో రాయడానికి ఒక గడి ఉంది. పై నుంచి నట్టు జారిపడి ఎవరికీ తగలకపోయినా దానికీ ఒక ఫారం ఉంది. అతనికి ఏ ఫారమూ లేదు. ఎవరూ ఏమీ విచారించలేదు కాబట్టి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. ఆ రాత్రి నా పాత రిజిస్టరు తీసి ఆ మూడు ఎంట్రీలూ మళ్లీ చదువుకున్నాను. నా దస్తూరీయే. సాయం కావాల్సిన మనిషి కనిపిస్తే క్రమశిక్షణ తప్పిన మనిషి అని రాసుకున్నాను.

ఇది మా ఒక్క సైటు బాధ అనుకోకండి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, 2021లో జరిగిన ఆత్మహత్యలను పరిశ్రమల వారీగా లెక్కగట్టింది. పనిచేసే వయసు మగవాళ్లు మొత్తం మీద చూస్తే లక్షకు 32 మంది. నిర్మాణ రంగంలో అది 56. గనులు, చమురు బావుల్లో 72. అన్ని రంగాల్లోకీ ఇదే ఎక్కువ. ఇంగ్లండులో 2011 నుంచి 2015 వరకు చూసిన ప్రభుత్వ గణాంకాల్లో, నైపుణ్యం పెద్దగా అవసరం లేని నిర్మాణ కూలీలకు ఈ ముప్పు సగటు మగవాడికంటే మూడు రెట్లకు పైగా ఉంది. ప్లాస్టరింగ్, పెయింటింగ్ పనివాళ్లకు రెట్టింపు పైనే. దేశాలు వేరైనా ఈ పనుల స్వభావం ఒకటే. ఇంటికి దూరంగా క్యాంపుల్లో ఉండాలి. పని ఉన్నన్ని రోజులే డబ్బు. దెబ్బ తగిలితే నొప్పి ఏళ్ల తరబడి పోదు. నిద్ర పట్టక కొందరు తాగుడుకు అలవాటు పడతారు. ఏడ్చినవాణ్ణి మర్నాడు ముఠా అంతా ఆటపట్టిస్తుందని భయం. ఇన్ని ఉండగా, పోయిన మనిషి గురించి ‘కుటుంబ సమస్యలు’ అని ఒక్క మాట రాస్తే మిగతా అందరం బయటపడిపోతాం. కాంట్రాక్టరు, కంపెనీ, నేను.

గని నాకు నేర్పిన సంగతి ఒకటి చెప్పాలి. కిందికి దిగే ప్రతి మనిషికీ మా గనిలో ఒక టోకెను ఉండేది. దిగేటప్పుడు బోర్డుకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. ఒకసారి రాత్రి షిఫ్టు ముగిశాక బోర్డు మీద ఒక టోకెను మిగిలిపోయింది. ఎవరూ ఇంటికి పోలేదు. కొందరు మళ్లీ దిగి రెండు గంటలు వెతికారు. చివరికి తేలిందేమిటంటే, ఆ మనిషి టోకెను తీసుకోవడం మరిచి ఎప్పుడో ఇంటికెళ్లి పడుకున్నాడు. అయినా మమ్మల్ని ఇంతసేపు తిప్పావేంట్రా అని అతన్ని ఒక్కరూ విసుక్కోలేదు. దొరికాడు, చాలు. మా అన్న విషయంలోనూ నెల రోజుల పాటు ఒక టోకెను బోర్డు మీదే ఉంది. చూసినవాళ్లం ఉన్నాం, వెతకడానికి వెళ్లినవాళ్లే లేరు.

ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికినవన్నీ చదివాను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2008లో కార్మిక సంఘాలు, యజమానులు కలిసి మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్ అనే సంస్థను పెట్టారు. తర్వాత గనులకూ విస్తరించారు. వాళ్లు సైటుకు డాక్టర్లను తీసుకొచ్చి కూర్చోబెట్టరు, పనివాళ్లకే నేర్పుతారు. సైటులో నూటికి 80 మందికి తోటివాడిలో మార్పును గుర్తుపట్టడం గురించి చిన్న శిక్షణ ఇస్తారు. ప్రతి 20 మందిలో ఒకరికి ఇంకాస్త ఎక్కువ నేర్పుతారు. ఆ ఒక్కడి పని వైద్యం చేయడం కాదు, మనిషిని ఒంటరిగా వదలకుండా సాయం అందేదాకా తోడుండటం. అతని హెల్మెట్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది, ఎవరి దగ్గరికి వెళ్లాలో అందరికీ తెలుస్తుంది. సైటులో ఫస్ట్ ఎయిడ్ తెలిసిన మనిషి ఎవరో అందరికీ తెలిసినట్టే. గనుల సంగతికొస్తే, వారాల తరబడి క్యాంపుల్లో ఉండి పనిచేసేవాళ్ల మానసిక ఆరోగ్యం గురించి పశ్చిమ ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘం 2015లో నివేదిక ఇచ్చింది. 2019లో ఆ రాష్ట్రం దీని మీద ఒక నియమావళి కూడా తెచ్చింది.

అందరూ భయపడేది ఒకటుంది. నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడిగితే ఆ మనిషికి నోరు విప్పే దారి దొరుకుతుంది. నాకు ఇది చదివి తెలిసింది కొంతే. రాడ్ బెండింగ్ చేసే ఒక కుర్రాడు అదే తీరుగా ముభావంగా తయారైనప్పుడు మిగతాది తెలిసింది. స్టోర్ రూములో కూర్చోబెట్టి అడిగాను, ‘తమ్ముడూ, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?’ అని. ఆ మాట నోట్లోంచి రావడానికి నాకు చెమటలు పట్టాయి. అతను చాలాసేపు నేల చూసి, ‘మీకెలా తెలిసింది సార్?’ అన్నాడు. నేను సలహాలేమీ ఇవ్వలేదు. రెండు గంటలు విన్నాను. వాళ్ల అక్కకు ఫోన్ చేయనా అని అడిగితే తల ఊపాడు. ఆమె వచ్చేదాకా అతన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదల్లేదు. మర్నాడు ముగ్గురం కలిసి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు బాగున్నాడు. నొక్కి చెబుతున్నాను, బాగున్నాడు. వైద్యంతో తేరుకున్నవాళ్ల కథలు పత్రికల్లో రావు కాబట్టి మా సైట్లలో చాలామందికి అలా జరుగుతుందనే తెలియదు.

కానీ ఆ కుర్రాడు డాక్టరు గదిలోకి వెళ్లేముందు నన్ను అడిగిన మాట మీ పాఠకులందరికీ తెలియాలి. ‘సార్, ఇది రాస్తే నన్ను ఎత్తు మీదికి ఎక్కనిస్తారా?’ అన్నాడు. ఎత్తు మీద పనికి మెడికల్ ఫిట్‌నెస్ ఉంటుంది. కళ్లు తిరుగుతాయా, మూర్ఛ ఉందా, బీపీ ఎంత, అన్నీ చూసి పాస్ ఇస్తారు. మనసు బాగోలేదని చెప్పిన మరుక్షణం ఆ పాస్ పోతుందని ప్రతి పనివాడికీ భయం. పాస్ పోతే పని లేదు, పని లేకపోతే డబ్బు లేదు. అప్పుల టెన్షన్‌తో నలిగిపోతున్న మనిషి, నిజం చెబితే ఉన్న కూలీ కూడా పోతుందని తెలిశాక ఎందుకు చెబుతాడు? గనిలోనూ అంతే. అండర్‌గ్రౌండ్ పనికి అన్‌ఫిట్ అంటారేమోనని నా తోటివాళ్లు నిద్ర మాత్రల సంగతి కూడా దాచేవారు. పోస్టర్లు ఎన్ని అంటించినా ఈ భయం పోదు. కొన్నాళ్లు కింద పని ఇస్తాం, కూలీ తగ్గించం, కోలుకున్నాక నీ పని నీకే అని రాతపూర్వకంగా హామీ ఉండాలి. ఆ కుర్రాడికి నేను స్టోర్లో ఆరు వారాల పని ఇప్పించగలిగాను. అది ఇంజినీరుతో నాకున్న చనువు వల్ల జరిగింది. చనువు మీద ఆధారపడి మనుషులు బతకాల్సి రావడం నాకు నచ్చడం లేదు.

మంచి సంస్థలు ఉన్నాయి, ఈమధ్య కొన్ని చోట్ల కౌన్సెలింగ్ ఫోన్ నంబరు కూడా పెడుతున్నారు. అయితే ఆ నంబరు ఆఫీసు గోడ మీద ఉంటుంది, ఆఫీసులోకి ముఠా పనివాడు అడుగుపెట్టడు. నీళ్లు తాగే చోట, హాజరు వేసే చోట, క్యాంపులో స్విచ్ బోర్డు పక్కన అంటించాలి. వాళ్ల భాషలో ఉండాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పని ప్రదేశాల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో సూపర్‌వైజర్లకు ఈ శిక్షణ ఇవ్వాలని ఉంది. నాకు తాళ్ల బలం లెక్కగట్టడం నేర్పారు, మంటలు ఆర్పడం నేర్పారు. మనిషిని ఎలా పలకరించాలో 18 ఏళ్లలో ఒక్క గంట కూడా నేర్పలేదు. పనివాడు సైటు బయట, సెలవు రోజున చనిపోయినా సరే, ఆ నెలలో అతనికి ఏం జరిగిందో యాజమాన్యం, కార్మికులు కూర్చుని విచారించి రాయాలి. ఎవరి మీదో నేరం మోపడానికి వద్దు. కాలికి గుచ్చుకున్న మేకు గురించి రాసినంత శ్రద్ధగా రాస్తే చాలు.

సంపాదకుల గారూ, మీతోనూ ఒక మనవి. ఇలాంటి వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 నుంచే పత్రికలకు సూచనలు ఇస్తోంది. ఎలా చనిపోయాడో వర్ణించవద్దని, ఒకే కారణం చూపించవద్దని, సాయం ఎక్కడ దొరుకుతుందో తప్పక చెప్పమని ఉంది అందులో. ఆ నాలుగు లైన్ల కింద అయిదో లైనుగా ఒక ఫోన్ నంబరు వేయండి. మా పనివాళ్లు పాత పత్రికను కూడా చదువుతారు.

నా పేరు ప్రచురించవద్దు. అతని పిల్లలు ఇంకా బడికి వెళుతున్నారు. నా పేరు చూస్తే సైటు తెలుస్తుంది, సైటు తెలిస్తే అతను ఎవరో తెలిసిపోతుంది. వాళ్లకు ఆ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలో వాళ్లమ్మ ఇంకా ఆలోచిస్తోంది.

ఇట్లు,
ఒక సేఫ్టీ సూపర్‌వైజర్